‘లో’ అంటే డజను: మా వదినతో బ్యాంకాక్ బజార్లలో ఒక గురువారం

మా వదినకి తెనాలిలో ఫ్యాన్సీ షాపు ఉంది. పెద్దదేం కాదు, ఇంటి ముందు గదికి షట్టరు పెట్టించుకుంది. క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, బొట్టుబిళ్ళలు, గాజులు, శ్రావణమాసంలో రాఖీలు. సరుకు విజయవాడ వన్‌టౌన్ నుంచి తెచ్చుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళి బేగంబజార్ కూడా చుట్టి వస్తుంది. అక్కడ ఆవిడ మామూలుగా కొనే హోల్‌సేలు షాపతను రేటు తగ్గించమన్నప్పుడల్లా ఒకే మాట అనేవాడట: “ఇది బ్యాంకాక్ మాల్ అమ్మా, తగ్గదు.” మూడేళ్ళు ఆ మాట విని విని, ఒకరోజు నాకు ఫోన్ చేసింది. “అమ్మాయ్, నీకు లీవులున్నాయా? ఆ బ్యాంకాకేదో మనమే చూసొద్దాం.”

నాకు లీవులున్నాయి. బ్యాంకు ఉద్యోగం, మార్చిలో అడిగితే మేనేజరు మొహం మాడ్చుకున్నాడు గానీ నాలుగు రోజులు ఇచ్చాడు. అన్నయ్య మాత్రం “క్లిప్పుల కోసం విమానమెక్కే వాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా” అన్నాడు. శంషాబాద్‌లో ఎక్కితే మూడున్నర గంటల్లో బ్యాంకాక్. తెనాలి నుంచి శంషాబాద్ చేరడానికే అంతకంటే ఎక్కువ పట్టింది.

హోటలు ప్రతూనామ్ అనే పేటలో తీసుకున్నాం. ఆ మాటకి నీటి తలుపు అని అర్థం, పక్కనే ఉన్న కాలువకి కట్టిన లాకుల వల్ల వచ్చిన పేరు. కృష్ణా కాలువల పక్కన పెరిగినవాళ్ళకి లాకులంటే చెప్పాలా! చతుచక్ వారాంతపు సంతకి శనివారం వెళ్ళాం, దాని సంగతి ఇక్కడ రాయను. అది చూడ్డానికి బాగుంటుంది, వ్యాపారానికి కాదు. రాయాల్సింది గురువారం సంగతి.

పొద్దున ఎనిమిదిన్నరకి టాక్సీ ఎక్కాం. మీటరు 35 బాత్‌తో మొదలై రాచవాంగ్ రోడ్డులో దిగేసరికి 85 అయింది. బాతుకి రెండున్నర రూపాయలని లెక్క పెట్టుకున్నాం. నిజం రేటు కొంచెం అటూ ఇటూ ఉన్నా, నోటిలెక్కకి అదే తేలిక. ఆ రోజంతా ఏ అంకె కనపడినా వదిన పెదాలు కదులుతూనే ఉన్నాయి.

రోడ్డుకి అడ్డంగా ఒక సందు. అదే సాంపెంగ్. ఎదురుగా చూస్తే సందు అనిపించదు, రెండు షాపుల మధ్య వదిలేసిన ఖాళీ అనుకుంటాం. లోపలికి వెళ్తే అది అలా పోతూనే ఉంటుంది. పైన రేకులు, పట్టాలు కప్పేసి పగలే ట్యూబులైట్లు. చేతులు చాస్తే అటు రిబ్బన్లు, ఇటు బొమ్మలు తగులుతాయి. ఆ ఇరుకులోనే బేళ్ళు పేర్చిన తోపుడుబళ్ళు, వాటి వెనక హారన్ కొట్టుకుంటూ మోటార్‌సైకిళ్ళు. “ఖో థాంగ్ నోయ్” అని వెనక నుంచి కేక వినిపిస్తే దారి ఇమ్మని. మొదటిసారి అర్థం కాక నించుంటే బండి అంచు నా మడమకి తగిలింది. రెండోసారి నించోలేదు.

1782లో మొదటి రామా రాజు రాజధానిని ఇక్కడికి మార్చి కోట కట్టుకోవాలనుకున్నప్పుడు, ఆ స్థలంలో ఉంటున్న చైనా వర్తకుల్ని ఖాళీ చేయించి ఇటు పంపించారు. అప్పటినుంచి ఇది వ్యాపారపు వీధే. కాగితాల మీద దీని పేరు సోయ్ వానిత్ 1. ఆ వానిత్ మన వాణిజ్యంలో ఉన్న మాటే. ఇలాంటివి అక్కడ అడుగడుక్కీ తగులుతాయి, ఆహారాన్ని ‘ఆహాన్’ అంటారు, నగరాన్ని ‘నఖోన్’ అంటారు. ఇవన్నీ నేను ఉత్సాహంగా చెబుతుంటే వదిన “అవునా” అంటూ హెయిర్ బ్యాండు లాగి దాని సాగుడు చూస్తోంది.

పది నిమిషాలు నడిచాక ఆవిడ ఆగిపోయింది. ఒక షాపు గోడ మొత్తం క్లచ్చర్లు. దేవగన్నేరు పువ్వు ఆకారంలో, తెల్లటి రేకులు, మధ్యలో పసుపు జీర. గులాబీరంగువి, లేత ఊదావి కూడా ఉన్నాయి. బేగంబజార్లో 38 రూపాయలకి ఇచ్చేది ఇదే సరుకని వదిన వెనక్కి తిప్పి స్ప్రింగు చూసి తేల్చింది. రెండుసార్లు నొక్కి వదిలింది. “ఇది విరగదు” అంది.

గల్లా దగ్గర అరవై ఏళ్ళావిడ, కళ్ళజోడుకి గొలుసు, చేతిలో జావ గిన్నె. వదిన క్లచ్చరు ఎత్తి “హౌ మచ్?” అంది. ఆవిడ చెంచా గిన్నెలో పెట్టి, క్యాలిక్యులేటర్ మీద 120 నొక్కి ఇటు తిప్పింది. నోటితో కూడా ఏదో చెప్పింది: “లో ల రోయ్ యీ సిప్.”

వదిన పెదాలు కదిలాయి. “మూడొందలా! ఒక్క క్లచ్చరు మూడొందలు!” అని నా వైపు తిరిగి, ఆ క్యాలిక్యులేటర్ తీసుకుని 40 నొక్కింది. ఆవిడ అది చూసి, మమ్మల్ని చూసి, నవ్వి, తల అడ్డంగా ఊపింది. వదిన 50 నొక్కింది. “మై దై ఖా” అని ఆవిడ మళ్ళీ జావ గిన్నె ఎత్తుకుంది. కుదరదని అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

ఇక వదిన తన బ్రహ్మాస్త్రం తీసింది. క్లచ్చరుని మెల్లగా గోడకి తగిలించి, బ్యాగు సర్దుకుని, నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. తొందరగా కాదు. ఒక్కో అడుగూ తూచి వేస్తోంది. బేగంబజార్లో అయితే నాలుగో అడుగుకి “అమ్మా, రండి రండి, మీ మాటే ఖాయం” అని వినపడాలి. నాలుగు అయింది. ఏడు అయింది. పక్క షాపులో రిబ్బన్లు చూస్తున్నట్టు నించున్నాం. నేను ఓరగా వెనక్కి చూశాను. ఆవిడ జావ తాగుతోంది.

“పొగరు” అంది వదిన.

అదే మాట మీద మరో గంట తిరిగాం. రబ్బరు బ్యాండ్ల పాకెట్లు, పిల్లల టిక్‌టాక్ పిన్నులు కొంది, అవి అట్ట మీద రేటు రాసి ఉన్నవి కాబట్టి గొడవ లేదు. ఒక చోట కోసిన పచ్చి మామిడికాయ ముక్కలు కవర్లో వేసి, పక్కన చిన్న పొట్లంలో ఉప్పూ కారం ఇచ్చారు, అందులో చక్కెర కూడా కలిపారు. తెనాలి బస్టాండులో తినే మామిడికాయే, చక్కెర ఒక్కటే మాకు కొత్త. వదిన మొహం చిట్లించింది గానీ కవరు ఖాళీ చేసింది ఆవిడే.

సందు చివరిదాకా పోతే చక్రఫెత్ రోడ్డు, అది దాటాక పాహురత్. ఐదో రామా రాజు, అంటే చులాలాంగ్‌కాన్, చిన్నప్పుడే చనిపోయిన తన కూతురి పేరు మీద వేయించిన రోడ్డు. ఇప్పుడక్కడ గురుద్వారా బంగారు గోపురం, చుట్టూ బట్టల షాపులు, మిఠాయి కొట్లు, అగరువత్తుల వాసన. చైనా సందులోంచి బయటపడి ఒక్కసారిగా చీర కట్టిన బొమ్మని చూస్తే ప్రాణం లేచొచ్చింది. వదినైతే గబగబా ఒక లేసుల షాపులోకి వెళ్ళి కూర్చుంది. కూర్చోవడానికి స్టూలు వేసే షాపు ఆ పొద్దున అదే మొదటిది.

షాపాయన పెద్ద వయసు సర్దార్జీ. హిందీలో మాట్లాడాడు. వదిన హిందీ అంతా బేగంబజార్ హిందీ, రేట్లకి తప్ప దేనికీ పనికిరాదు. అయినా లేసు గజం ఎంతో అడిగి, కొనకుండానే తన బాధ వెళ్ళబోసుకుంది. ఇంత చిన్న క్లచ్చరు మూడొందల రూపాయలట, మరీ అన్యాయం అని. ఆయన నమ్మలేదు. “సాంపెంగ్‌లోనా? ఏమంది ఆవిడ, అచ్చంగా ఏ మాటంది?” అన్నాడు. నాకు గుర్తుంది. “లో ల రోయ్ యీ సిప్” అన్నాను.

ఆయన గజంబద్ద గల్లా మీద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. “రోయ్ యీ సిప్ అంటే నూట ఇరవై. లో అంటే డజన్, బహెన్‌జీ. డజను నూట ఇరవై!”

వదిన మొహం చూడాలి ఆ క్షణంలో. పెదాలు మళ్ళీ కదిలాయి, ఈసారి కొంచెం ఎక్కువసేపు. డజను 120 అంటే ఒక్కోటి పది బాతులు. పాతిక రూపాయలు. అంటే పొద్దున ఆ షాపులో మేం చేసింది, డజను నూట ఇరవైకి ఇస్తానన్న మనిషిని నలభైకి ఇమ్మని అడిగి, పైపెచ్చు అలిగి వచ్చేయడం!

సర్దార్జీ ఆ పూట మాకు రెండు మూడు మాటలు నేర్పాడు. చాలా షాపుల్లో రెండు రేట్లుంటాయి, చిల్లరగా కొంటే ఒకటి, టోకున కొంటే ఒకటి. టోకు రేటుని ‘రాఖా సోంగ్’ అంటారు. సగం డజనుకి ‘ఖ్రుంగ్ లో’. అన్నిటికంటే ముఖ్యమైనది ‘ఖ్ల దై మై’. అంటే రంగులు కలిపి ఇస్తారా అని. ఇది అడక్కపోతే డజనుకి డజనూ ఒకే రంగు కట్టి ఇచ్చేస్తారు. తెనాలిలో పన్నెండు ఊదారంగు క్లచ్చర్లు ఎప్పటికి అమ్ముడుపోవాలి? ఆయన దగ్గర మొహమాటానికి నాలుగు గజాల లేసు తీసుకుని వెనక్కి బయల్దేరాం. వదిన దారిపొడుగునా “ఖ్ల దై మై, ఖ్ల దై మై” అని తారకమంత్రంలా జపిస్తూనే ఉంది.

తిరిగి ఆ షాపు కనుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అన్నీ ఒకేలా ఉంటాయి. గొలుసు కళ్ళజోడు చూసి గుర్తుపట్టాం. ఆవిడ కూడా మమ్మల్ని గుర్తుపట్టింది, కానీ “మళ్ళీ వచ్చారా” అన్న చూపేమీ లేదు. వదిన తలొంచుకుని “లో... రోయ్ యీ సిప్?” అంది. ఆవిడకి విషయం అర్థమైపోయింది. పొద్దున మా కోపం ఎందుకో కూడా అప్పుడే అర్థమైనట్టుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒక పాకెట్ విప్పి పన్నెండూ గల్లా మీద వరసగా పేర్చి చూపించింది.

“ఖ్ల దై మై?” అంది వదిన.

“దై, దై” అంటూ ఆవిడ వెనక గదిలోంచి పెద్ద సంచీ ఈడ్చుకొచ్చింది. అన్ని రంగులూ అందులోనే.

ఇక్కడ మళ్ళీ ఒక చిక్కు వచ్చింది. వదిన క్యాలిక్యులేటర్ తీసుకుని 40 నొక్కింది. ఆవిడ దాన్ని చూసి దీర్ఘంగా ఒక నిట్టూర్పు విడిచింది. పాపం, ఈవిడ ఇంకా ఆ నలభై దగ్గరే ఉందనుకుంది. నేను గబుక్కున “లో! నలభై లో!” అని తెలుగూ థాయీ కలిపి అరిచాను. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని, వేళ్ళతో నాలుగు చూపించి, సున్నా చుట్టి, “లో?” అంది. అవునన్నాం. అప్పుడు మాత్రం ఎవరూ అడగకుండానే క్యాలిక్యులేటర్ మీద 110 నొక్కి ఇటు తిప్పింది.

నలభై డజన్లు, 4,400 బాత్. ముక్క 23 రూపాయలు పడింది. వదిన అలగలేదు, బతిమాలలేదు, “మీ దగ్గరే ఎప్పుడూ తీసుకుంటాం” అనలేదు. అనడానికి భాషా లేదు. బయటికి వచ్చాక “మన దగ్గర బేరం నోటితో, వీళ్ళ దగ్గర వేళ్ళతో” అంది.

గురువారం వదిన నీచు ముట్టదు, బాబాకి మొక్కు. పాహురత్‌లో ఒక చిన్న హోటల్లో రోటీ, పప్పు, ఆలూ కూర దొరికాయి, ఆ పూట గడిచింది. థాయ్ హోటళ్ళలో శాకాహారం కావాలంటే పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు చూసుకోవాలి, మన కంటికి అవి 17 అంకెలా కనిపిస్తాయి. ‘జే’ అని చదవాలట. అక్కడ చేప సాసూ ఉండదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా వెయ్యరు. వదినకి తెగ నచ్చేసింది. “కార్తీకమాసంలో వచ్చినా ఇబ్బంది లేదన్నమాట” అంది.

సంచీలతో టాక్సీ కోసం నించుంటే ఇద్దరు డ్రైవర్లు మీటరు వెయ్యం అన్నారు, మూడోవాడు వేశాడు. హోటల్లో సరుకు పడేసి, మొహం కడుక్కుని, రెండున్నరకి ప్లాటినమ్ మాల్‌కి నడిచాం. రోడ్డు దాటితే అదే.

మాల్ అంటే నేను వేరేగా ఊహించుకున్నాను. ఇది సాంపెంగ్‌నే నిలువుగా పేర్చి ఏసీ పెట్టినట్టుంది. ఎస్కలేటరు దిగితే చిన్న చిన్న గదుల వరసలు, ప్రతి గదిలో గోడనిండా బట్టలు, ఒక అమ్మాయి, ఒక ఫోను. విదేశాల నుంచి వచ్చిన వ్యాపారులు పెద్ద పెద్ద సూట్‌కేసులు ఈడ్చుకుంటూ తిరుగుతున్నారు, ఖాళీవి లోపలికి, నిండినవి బయటికి. ఇక్కడ బేరం గొడవ లేదు. అట్ట మీదే రాసి ఉంటుంది: ఒకటైతే 190, మూడైతే ఒక్కోటి 150. ఆ మూడూ వేరే వేరే డిజైన్లు అయినా పర్వాలేదు. వదిన ఇప్పుడు ఆరితేరిపోయింది. స్లింగ్ బ్యాగులు ఆరు ఏరి పక్కన పెట్టి, నోరు విప్పకుండా ఆరు వేళ్ళు చూపించింది. అమ్మాయి 140 నొక్కింది. అయిపోయింది.

నాకు ఒక టాప్ నచ్చింది. వేసుకుని చూస్తానంటే కుదరదంది ఆ అమ్మాయి. చాలా షాపుల్లో అంతే, ‘నో ట్రై’ అని బోర్డే పెట్టేశారు. “ఫ్రీ సైజ్” అంది. నేను దాన్ని భుజాలకి ఆనించుకుని అద్దంలో చూసుకున్నాను. వదిన వెనక నుంచి చూసి, “ఎవరికి ఫ్రీ? ఆ పిల్లకైతే ఫ్రీనే” అంది. ఆ అమ్మాయి టేపు తీసి చాతీ కొలత పట్టి చూపించింది, 36 అంగుళాలు. నాకు సరిపోదు. సైజు విషయంలో అక్కడ మొహమాటపడకుండా టేపు అడగడమే మంచిది. కొన్నాక వెనక్కి తీసుకోరు. నేను టాప్ ఆశ వదులుకుని రెండు ఏనుగుల ప్యాంట్లు కొన్నాను. బ్యాంకాక్‌లో ప్రతి పర్యాటకుడి కాళ్ళకీ అవే. ఇంట్లో తప్ప ఎక్కడా వేసుకోనని తెలిసే కొన్నాను.

ఐదున్నరకి అక్కడినుంచి పైవంతెన నడకదారి పట్టుకున్నాం. కింద సేన్‌సేప్ కాలువ, అందులో జనంతో నిండిన పడవ ఒకటి నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. టికెట్లు కొట్టే మనిషి హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీద తాడు పట్టుకుని నడుస్తున్నాడు. వదిన కాసేపు అక్కడే నించుని చూసింది. తెనాలి కాలువలో ఇలాంటివి ఉంటే ఎంత బాగుండునో అనలేదు గానీ, అనుకుంది.

సెంట్రల్‌వరల్డ్ మాల్ ముందు గణపతి గుడీ, త్రిమూర్తుల గుడీ పక్కపక్కనే ఉన్నాయి. గుడి అంటే చిన్న మంటపం. గురువారం కాబట్టి త్రిమూర్తుల దగ్గర కుర్రకారు ఎక్కువ ఉన్నారు, అందరి చేతుల్లో ఎర్రగులాబీలు. ప్రేమ కుదరాలని మొక్కుకుంటారట. బ్రహ్మవిష్ణుమహేశ్వరులకి మనం ఎన్ని పనులు అప్పజెప్పినా ఇదొక్కటి మిగిలిపోయింది. పక్కనే మల్లెమొగ్గల దండలు అమ్ముతుంటే వదిన ఒకటి కొని, అలవాటుగా చెయ్యి జడ దగ్గరికి పోనిచ్చింది. అమ్మే ఆవిడ కంగారుగా చెయ్యి ఊపుతూ గణపతి వైపు చూపించింది. ఆ దండలు దేవుడికేనట. వదిన ఒక మొగ్గ వాసన చూసి, “వాసన చూశాను, ఇక దేవుడికి పనికొస్తుందో లేదో” అని గొణుక్కుంటూనే వినాయకుడికి సమర్పించింది.

చిట్‌లోమ్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళే ఎస్కలేటరు మీద ఉండగా ఆరైంది. స్పీకర్లలోంచి పాట మొదలైంది. ప్లాట్‌ఫారం మీద జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఫోను మాట్లాడే అమ్మాయి ఫోను దించేసింది. వాళ్ళ జాతీయగీతం. రోజూ పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ వేస్తారు. తమాషా ఏమిటంటే ఎస్కలేటరు మాత్రం ఆగలేదు. కదలకుండా నించున్న మమ్మల్ని అది మెల్లగా పైకి చేర్చి, నించున్న జనం మధ్యలో దించింది. పాట ఆగింది, అందరూ ఏమీ జరగనట్టు నడక అందుకున్నారు.

ఒక్క స్టేషన్ అవతల సయామ్. దిగితే సయామ్ పారగాన్ గుమ్మమే. 2005 డిసెంబర్లో తెరిచారు దాన్ని. నేల అడుగున చేపల అక్వేరియం, పై అంతస్తులో కార్ల షోరూములు. లిఫ్టులో వెళ్ళి కారు కొనుక్కోవచ్చునన్నమాట. పొద్దున మడమకి తోపుడుబండి తగిలిన ఊరూ ఇదీ ఒకటేనంటే నమ్మబుద్ధి కాలేదు. వదిన ఒక హ్యాండ్‌బ్యాగు రేటు చూసి, సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టి, “ఇది కూడా డజనుకేమో కనుక్కో” అంది. ఆ సేల్స్ అమ్మాయికి తెలుగు రాకపోవడం మా అదృష్టం.

మా ఆయనకి బూట్లు తీసుకున్నాను, 2,390 బాత్. బిల్లు వేసే అబ్బాయి ట్యాక్సు వెనక్కి వస్తుందని చెప్పాడు. థాయ్‌లాండ్‌లో వ్యాట్ 7 శాతం, పర్యాటకులు ఒకే షాపులో ఒకే రోజు 2,000 బాత్‌కి తగ్గకుండా కొంటే అడగొచ్చు. పాస్‌పోర్టు చూపిస్తే షాపువాళ్ళే ఫారం నింపి ఇస్తారు. కొన్నది పెద్ద మొత్తమైతే విమానాశ్రయంలో సామాను చెకిన్ చెయ్యకముందే ఆ వస్తువునీ ఫారాన్నీ కస్టమ్స్ వాళ్ళకి చూపించి ముద్ర వేయించుకోవాలి, డబ్బు తర్వాత లోపలి కౌంటర్లో తీసుకోవాలి. నా పాస్‌పోర్టు హోటల్ లాకర్లో ఉంది. ఫోన్లో ఫొటో చూపిస్తే అసలుది కావాలన్నాడు, ఫారం కొన్న రోజే రాయాలన్నాడు. పదింటిదాకా తెరిచే ఉంటాం, వెళ్ళి తెచ్చుకోండన్నాడు మర్యాదగా.

నేను బయల్దేరబోయాను. వదిన ఆపింది. “ఎంతొస్తుంది?” అంది. లెక్కేస్తే ఎక్కువలో ఎక్కువ 156 బాత్. అంటే నాలుగొందల రూపాయలు కూడా కాదు. దానికోసం పోనూ రానూ రైలు టికెట్లు, గంట సమయం, విమానాశ్రయంలో ఇంకో క్యూ. రోజంతా కౌంటర్లో నోట్లు లెక్కపెట్టే ఉద్యోగం నాది, ఈ లెక్క వేసింది మాత్రం వదిన. పెద్ద మొత్తానికి కొనేవాళ్ళు పాస్‌పోర్టు వెంట పెట్టుకోండి. ఒక జత బూట్లకైతే వదిలేయండి.

కింద ఫుడ్ హాల్లో మామిడిపండు, జిగురన్నం తిన్నాం. అన్నం మీద కొబ్బరిపాలు పోస్తారు, ఆ పాలల్లో ఉప్పు తగులుతుంది. “పాయసంలో పొరపాటున ఉప్పు పడినట్టుంది” అంది వదిన. రెండో ప్లేటు తెమ్మని కూడా తనే అంది.

తొమ్మిదికి హోటలు చేరి, మంచం మీద దుప్పటి లాగేసి, క్లచ్చర్లన్నీ కుమ్మరించి లెక్కపెట్టాం. 480కి ఒక్కటి కూడా తగ్గలేదు. చేతిత్రాసుతో తూస్తే ఏడు కిలోల పైన తూగాయి. వదిన హోటలు వాళ్ళ కాగితం మీద లెక్క రాసింది. బేగంబజార్లో 38, ఇక్కడ 23. ముక్కకి 15 మిగులు. 480 ముక్కలకి 7,200. ఆ పక్కన విమానం టికెట్టు రేటు రాసింది. రెంటినీ కాసేపు చూసి, కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. “వాడు మరీ అన్యాయస్తుడేం కాదులే” అంది బేగంబజార్ అతని గురించి.

నేను ఆ కుప్పలోంచి లేత ఊదారంగుది ఒకటి తీసి జుట్టుకి పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నాను. “బాగుంది వదినా, ఇది నాకు” అన్నాను.

వదిన మాట్లాడలేదు. ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి 40 నొక్కి నా వైపు తిప్పింది. నేను నోరెళ్ళబెట్టి చూస్తుంటే, మూడు వేళ్ళు చూపించి 35 నొక్కింది.

క్లచ్చరు తీసి మెల్లగా మంచం మీద పెట్టి, బ్యాగు సర్దుకుని, ఒక్కో అడుగూ తూచి వేస్తూ తలుపు దాకా వెళ్ళాను. వెనక్కి పిలవలేదు.